ఫుల్ సిగ్నల్ ఉన్నా నెట్ ఎందుకు రాదు: టవర్ల మధ్య ఛానళ్ల పంపకం

అల్లూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరి నుంచి ఇంజనీరింగ్ చదివే అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. "మా ఇంటి దగ్గర ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉంటాయి. అయినా రాత్రి ఏడు దాటితే వీడియో తిరుగుతూనే ఉంటుంది. రొయ్యల చెరువు గట్టు మీద 4జీ సిమ్ కెమెరా పెట్టాం. కొన్ని రోజులు అది తెల్లవారుజామున పూర్తిగా ఆగిపోతుంది, ఎండెక్కాక దానంతటదే వస్తుంది. ఒక్కో టవర్‌కి ఒక్కో ఛానల్ విడిగా ఇచ్చేస్తే ఈ గొడవే ఉండదు కదా, ఎందుకివ్వరు? మా నాన్న బూస్టర్ కొందామంటున్నారు, కొనమంటారా?"

బూస్టర్ కొనవద్దు. కారణం కింద వివరంగా చెబుతాను. రాత్రి ఇబ్బంది చుట్టుపక్కల టవర్ల వల్ల వస్తుంది. తెల్లవారుజామున వచ్చేది చాలావరకు ఎక్కడో వంద, రెండొందల కిలోమీటర్ల దూరంలో ఉన్న టవర్ల వల్ల. రెండూ ఇంటర్‌ఫియరెన్సే, అంటే ఒక సిగ్నల్‌కి ఇంకో సిగ్నల్ అడ్డుపడటమే, కానీ వాటికి వైద్యం ఒకటి కాదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో టవర్ల రేడియో వైపు పని చేస్తున్నవాడిగా మీ వర్ణన చదవగానే రెండూ గుర్తుపట్టాను.

ముందు గీతల సంగతి. ఫోన్‌లో కనబడే గీతలు మీ టవర్ ఎంత గట్టిగా వినబడుతోందో చెబుతాయి, ఎంత స్పష్టంగా వినబడుతోందో చెప్పవు. తిరునాళ్లలో పక్కపక్కనే రెండు మైకులు మోగుతుంటే చెవులు చిల్లులు పడేంత శబ్దం ఉంటుంది, ఒక్క మాట అర్థం కాదు. ఫోన్‌కీ అంతే. సిగ్నల్ బలాన్ని ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటారు. దాన్ని కొలిచే యూనిట్ డీబీఎం. మైనస్ 80 డీబీఎం దగ్గర ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే బలహీనం. స్పష్టతను ఎస్‌ఐఎన్‌ఆర్ అంటారు. మనకు కావలసిన సిగ్నల్, అక్కర్లేని సిగ్నళ్లన్నీ కలిపిన దానికంటే ఎన్ని రెట్లు ఉందో అది చెబుతుంది. 20 డీబీ ఉంటే వంద రెట్లు. 0 డీబీ అంటే కావలసినదీ అక్కర్లేనిదీ సరిసమానం. 1948లో క్లాడ్ షానన్ అనే గణిత శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ప్రకారం 20 డీబీ దగ్గర ప్రతి హెర్ట్జ్‌కీ సెకనుకు 6.66 బిట్ల దాకా పంపవచ్చు, 0 డీబీ దగ్గర ఒక్క బిట్టే. నెట్‌వర్క్ సెల్ వివరాలు చూపించే యాప్ ఏదైనా వేసుకుని రాత్రి ఎనిమిదింటికి మీ ఇంటి దగ్గర చూడండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 84, ఎస్‌ఐఎన్‌ఆర్ 1 లాంటి అంకెలు కనబడితే గీతలు ఎందుకు నిండుగా ఉన్నాయో, వీడియో ఎందుకు తిరుగుతోందో రెండూ అక్కడే తెలుస్తాయి.

ఇప్పుడు ఒక్కో టవర్‌కి ఒక్కో ఛానల్ ఎందుకివ్వరన్న మాట. ఉన్న ఛానళ్లు లెక్కపెడితే చాలు. 2జీ రోజుల్లో మన దేశంలో ఒక కంపెనీకి ఒక సర్కిల్‌లో, అంటే లైసెన్సు ఇచ్చే ఒక ప్రాంతంలో, సాధారణంగా దక్కింది 6.2 మెగాహెర్ట్జ్. జీఎస్ఎం అనే 2జీ టెక్నాలజీలో ఒక్కో ఛానల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్, కాబట్టి మొత్తం 31 ఛానళ్లు. టవర్‌కొకటి ఇస్తే నెల్లూరు టౌన్ దాటక ముందే అయిపోతాయి. ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే తెలంగాణ కూడా కలిసినది. అన్నివేల టవర్లకు 31 ఛానళ్లు విడివిడిగా పంచడం జరిగే పని కాదు. ఇచ్చిన ఛానల్‌నే కొంత దూరం పోయాక మళ్లీ వాడుకోవాలి. అసలు సెల్యులర్ అన్న ఆలోచన పుట్టిందే అక్కడ. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో డి.హెచ్. రింగ్ రాసిన మెమోలో ఉన్నది ఇదే: నేలను చిన్న చిన్న సెల్స్‌గా విడగొట్టడం, ఒక సెల్‌లో వాడిన ఫ్రీక్వెన్సీని దూరంగా ఉన్న ఇంకో సెల్‌లో మళ్లీ వాడటం. కాబట్టి ఇంటర్‌ఫియరెన్స్ ఎవరో పొరపాటు చేస్తే వచ్చేది కాదు. ఇంతమందికి ఫోన్లు పనిచేయడానికి మనం కడుతున్న మూల్యం అది. మా పనల్లా ఆ మూల్యాన్ని వీలైనంత తగ్గించడం.

ఎంత దూరం పోయాక మళ్లీ వాడాలి? సెల్స్‌ని షట్కోణాలుగా గీసుకుంటే, ఎన్ని సెల్స్‌ని ఒక గుంపుగా తీసుకుని ఛానళ్లన్నీ వాటి మధ్య పంచుతామో దాన్ని బట్టి దూరం తేలుతుంది. గుంపు సైజు ఏదిపడితే అది కుదరదు, 3, 4, 7, 12 లాంటివే అతుకుతాయి. గుంపు సైజును మూడుతో గుణించి వర్గమూలం తీస్తే, అదే ఛానల్ మళ్లీ వచ్చే సెల్ మన సెల్ వ్యాసార్థానికి ఎన్ని రెట్ల దూరంలో ఉందో వస్తుంది. 7 సెల్స్ గుంపైతే దాదాపు 4.6 రెట్లు. సిగ్నల్ దూరానికి నాలుగో ఘాతంలో తగ్గుతుందనుకుని, చుట్టూ ఆరు టవర్లు అదే ఛానల్ వాడుతున్నాయనుకుంటే, 7 గుంపుకు సుమారు 18.7 డీబీ స్పష్టత వస్తుంది. 4 అయితే 13.8, 3 అయితే 11.3. పాత అనలాగ్ ఫోన్లకు 18 డీబీ కావాలి కాబట్టి 7 తప్పనిసరి అయింది. జీఎస్ఎం 9 డీబీతోనే సర్దుకోగలదు కాబట్టి గుంపులు చిన్నవయ్యాయి. గుంపు చిన్నదైతే ఒక్కో సెల్‌కి వచ్చే ఛానళ్లు పెరుగుతాయి. ఒక టవర్ ఒక్కో దిక్కుకు చూపే భాగాన్ని సెక్టార్ అంటారు. మూడు సెక్టార్ల టవర్లు నాలుగు కలిపి 12 సెక్టార్ల గుంపుగా తీసుకుంటే 31 ఛానళ్లలో ఒక్కో సెక్టార్‌కి దక్కేది రెండో మూడో. రెండు ఛానళ్లంటే 16 టైమ్ స్లాట్లు, ఒక్కో స్లాట్‌లో ఒక కాల్, కంట్రోల్‌కి రెండు పోగా మాటలకు 14. నూటికి రెండు కాల్స్ మాత్రమే దొరక్కపోవచ్చన్న లెక్కన అవి మోయగలిగింది 8.2 ఎర్లాంగులు, అంటే సగటున ఒకేసారి ఎనిమిది మంది మాట్లాడటం. మీరు చెప్పినట్టు ఛానళ్లను ఇంకా దూరంగా, ఇంకా విడివిడిగా పంచుతూ పోతే కాల్ స్పష్టంగా ఉంటుంది, కానీ లైను దొరికేది ఏ ఒక్కరికో.

మన ప్రాంతంలో ఇంకో సంగతి తప్పకుండా చూడాలి. ఆ నాలుగో ఘాతం అన్నది ఇళ్లు, చెట్లు, ఎగుడుదిగుళ్లు ఉన్న చోటికి దగ్గరగా ఉంటుంది. అల్లూరు, ఇస్కపల్లి, విడవలూరు వైపు చూస్తే కంటికి ఆనేంతవరకు చదునే. చెరువుల నీళ్లు, ఉప్పు కొఠారులు, అక్కడక్కడ తాటిచెట్లు. అడ్డం లేని చోట సిగ్నల్ అంత త్వరగా తగ్గదు. ఘాతం 4 బదులు 3 అనుకుని అవే లెక్కలు మళ్లీ వేయండి. 7 గుంపుకు 18.7 బదులు 12 డీబీ, 3 గుంపుకు 11.3 బదులు 6.5 డీబీ వస్తాయి. పొదిలి, గిద్దలూరు వైపు కొండలూ గుట్టలూ సిగ్నల్‌ని ఆపేసి మాకు టెన్షన్ పెడతాయి, ఇక్కడ ఆపేది ఏదీ లేక టెన్షన్. తీరంలో మన సిగ్నల్ దూరం పోతుంది కదా అని జనం సంతోషిస్తారు. పక్కవాడి సిగ్నలూ అంతే దూరం మన మీదికి వస్తుంది.

ఛానళ్లు పంచే పద్ధతులు మూడు రకాలుగా నడిచాయి. ముందే రాసిపెట్టి ఒక్కో సెల్‌కి ఇన్ని అని కట్టేయడం ఒకటి. పక్క సెల్‌లో ఖాళీగా ఉన్న ఛానల్‌ను అవసరానికి తెచ్చుకుని, అది మళ్లీ తగిలే చోట తాత్కాలికంగా ఆపేయడం రెండోది. ఏ సెల్‌కీ సొంతం లేకుండా అన్నిటినీ ఒకే చోట ఉంచి, కాల్ వచ్చినప్పుడు అక్కడ ఏది శుభ్రంగా ఉందో చూసి ఇవ్వడం మూడోది. లోడు తక్కువ ఉన్నప్పుడు, అటూ ఇటూ మారుతున్నప్పుడు మూడోది గెలుస్తుంది. అన్ని సెల్సూ ఒకేసారి నిండిపోతే చక్కగా రాసిపెట్టిన మొదటి పద్ధతే మెరుగు. మీరు ప్రాజెక్టు కోసం అడుగుతున్నట్టయితే, ఈ పంపకం లోపల ఉన్నది గ్రాఫ్‌కి రంగులు వేసే సమస్యే. తగిలే అవకాశం ఉన్న రెండు సెల్స్‌కి ఒకే రంగు రాకూడదు. సెల్స్ పెరిగేకొద్దీ కచ్చితమైన జవాబు కంప్యూటర్‌కి కూడా అందదు, అందుకే అల్గారిథమ్‌లు పోల్చడానికి 21 సెల్స్ ఉన్న ఫిలడెల్ఫియా సమస్యను ఇప్పటికీ వాడతారు. దానిమీద చేయండి, మంచి ప్రాజెక్టు అవుతుంది.

4జీలో ఇదంతా తలకిందులైంది. గుంపు సైజు 1. అన్ని టవర్లూ, అన్ని సెక్టార్లూ ఒకే 20 మెగాహెర్ట్జ్ మొత్తాన్నీ వాడతాయి. అంచుల్లో కాస్త వదిలి, మిగతాదాన్ని 180 కిలోహెర్ట్జ్ చొప్పున 100 రిసోర్స్ బ్లాకులుగా కోసి, మిల్లీసెకనుకోసారి ఏ బ్లాకు ఏ ఫోన్‌కో టవర్ నిర్ణయిస్తుంది. ఇదివరకటి లెక్కే గుంపు 1కి వేస్తే సెల్ అంచున వచ్చే స్పష్టత 1.8 డీబీ. మీ ఊరి లాంటి చదును నేల మీద మైనస్ 0.6. అంటే అంచున ఉన్నవాడికి పక్క టవర్ల మోత సొంత టవర్ కంటే కాస్త ఎక్కువే. ఈ అంకెలు చుట్టూ ఉన్న టవర్లన్నీ పూర్తి లోడుతో పంపుతున్నప్పటివి. మధ్యాహ్నం పక్క టవర్లలో సగం బ్లాకులు ఖాళీగా ఉంటాయి, అంటే ఆ బ్లాకుల్లో మోతే లేదు, మీకు నెట్ బ్రహ్మాండంగా వస్తుంది. రాత్రి ఏడింటికి అందరూ ఇళ్లకు చేరి వీడియోలు పెడతారు. ఉన్న బ్లాకులు ఎక్కువమందికి పంచాలి, అది ఒక దెబ్బ. పక్క టవర్ల బ్లాకులన్నీ నిండి మీ ఒక్కో బ్లాకు మోసే బిట్లు కూడా తగ్గిపోతాయి, అది రెండో దెబ్బ. జనం మొదటిదే చూసి "లోడు ఎక్కువైంది" అంటారు. రెండోదాన్ని సరిచేస్తే అదే టవర్ మీద అదే జనానికి నెట్ బాగుపడుతుంది.

పక్కపక్క టవర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని సర్దుకునే ఏర్పాటు 4జీ మొదటి ప్రమాణంలోనే ఉంది. ఫలానా బ్లాకుల్లో నేను గట్టిగా పంపబోతున్నాను, అక్కడ నీ అంచు ఫోన్లను పెట్టకు అని ఒక టవర్ ఇంకోదానికి సందేశం పంపుతుంది. టవర్ దగ్గరున్న ఫోన్లకు అన్ని బ్లాకులూ తక్కువ పవర్‌తో, అంచున ఉన్నవాళ్లకు మూడో వంతు బ్లాకులు మాత్రం ఎక్కువ పవర్‌తో, ఆ మూడో వంతు పక్క సెల్స్‌లో తగలకుండా ఇవ్వడం ఇంకో పద్ధతి. పనికొస్తాయి. కానీ నా అనుభవంలో మన జిల్లాల్లో వీటికంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి.

ఒకటి సెల్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్య, పీసీఐ. 4జీలో ఇవి 504. ఎదురెదురుగా చూస్తున్న రెండు సెక్టార్ల సంఖ్యల్ని మూడుతో భాగిస్తే ఒకే శేషం వస్తే, వాటి పైలట్ సిగ్నళ్లు, అంటే ఫోన్ టవర్‌ను కొలుచుకోవడానికి వాడే సిగ్నళ్లు, సరిగ్గా ఒకే చోట పడతాయి. అప్పుడు నెట్ ఎవరూ వాడకపోయినా ఫోన్‌కి స్పష్టత తక్కువగానే కనబడుతుంది. యాప్‌లో మీ సెల్ పీసీఐ, పక్క సెల్ పీసీఐ రెండూ కనబడతాయి. భాగించి చూడండి. 120, 261 లాంటివి వచ్చి, రెండిటి ఆర్‌ఎస్‌ఆర్‌పీ దగ్గరదగ్గరగా ఉంటే విషయం దొరికినట్టే. దీనికి ఖర్చు లేదు, కంప్యూటర్ ముందు కూర్చుని మార్చేదే.

రెండోది యాంటెన్నా వంపు. నన్నడిగితే సగం పైగా గొడవలు ఇక్కడే తీరతాయి. యాంటెన్నాను ఎంత కిందికి చూపిస్తున్నామన్నదే దీని సంగతి. 40 మీటర్ల టవర్ అనుకోండి. యాంటెన్నా నిలువు బీమ్ వెడల్పు 7 డిగ్రీలు అనుకోండి. వంపు 4 డిగ్రీలు ఉంటే బీమ్ నడిమధ్య భాగం 570 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. కానీ బీమ్ పై అంచు, పవర్ సగానికి తగ్గే చోటు, అర డిగ్రీ మాత్రమే కిందికి చూస్తుంటుంది. అది నేలను తాకేది నాలుగున్నర కిలోమీటర్ల అవతల. ఇప్పుడు వంపును 6 డిగ్రీలు చేయండి. ఆ పై అంచు రెండున్నర డిగ్రీలకు దిగి, నేలను 920 మీటర్ల లోపే తాకుతుంది. రెండే రెండు డిగ్రీలు. నాలుగున్నర కిలోమీటర్ల దాకా పోయి అవతల ఊళ్ల మీద పడుతున్న మోత కిలోమీటర్ లోపు నేలకు దిగిపోతుంది. ఇప్పటి యాంటెన్నాల్లో వంపును ఆఫీసు నుంచే మార్చవచ్చు, టవర్ ఎక్కనక్కర్లేదు.

అయినా చాలా చోట్ల ఎందుకు మార్చరంటే, టవర్ల మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లు ఉన్న పల్లెల్లో వంపు పెంచితే మధ్యలో ఏదో ఒక వీధికి, ఏదో ఒక చెరువు గట్టుకు సిగ్నల్ తగ్గి ఫిర్యాదు వస్తుంది. వంపు మార్చేముందు, మార్చాక కారులో ల్యాప్‌టాప్, ఫోన్లు పెట్టుకుని ప్రతి డొంక దారీ తిరిగే డ్రైవ్ టెస్ట్ చేయకుండా అంకె ముట్టుకోకూడదు. ఎత్తు మీద పెట్టిన సైట్లతో మరీ జాగ్రత్త. ఉదయగిరి కొండ లాంటి చోటు నుంచి సెక్టార్ నేరుగా చూస్తుంటే పది ఊళ్లకు సిగ్నల్ అందుతుంది, ఆ పది ఊళ్ల సొంత టవర్లనూ చెడగొడుతుంది.

జనం ఒక్కచోట చేరినప్పుడు ఇదే సంగతి పదింతలవుతుంది. నెల్లూరులో మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది. లక్షల మంది వస్తారు. తాత్కాలిక మొబైల్ టవర్లు తెచ్చి నిలబెడతారు. పవర్ పూర్తిగా పెట్టి ఎత్తుగా నిలబెడితే అవి ఒకదాన్నొకటి, ఊళ్లోని టవర్లనూ ముంచేస్తాయి. తక్కువ ఎత్తు, తక్కువ పవర్, సన్నని బీమ్‌లు పెట్టి, చెరువు గట్టుకు ఒక ఫ్రీక్వెన్సీ బ్యాండ్, దర్గా వైపు ఇంకో బ్యాండ్ విడగొడితే అదే స్పెక్ట్రమ్ ఎన్నో రెట్లు మోస్తుంది. రద్దీలో సామర్థ్యం పెంచేది పవర్ తగ్గించడమే అని కొత్తగా చేరిన ఇంజనీర్లకు నేను అక్కడే చూపిస్తాను.

ఇక మీ చెరువు మీది కెమెరా. తెల్లవారుజామున ఆగి, ఎండెక్కాక దానంతటదే రావడం, అదీ కొన్ని రోజులే కావడం చూస్తే నాకు మొదట అనుమానం వచ్చేది గాలి పొరల మీదే. 40 మీటర్ల టవర్‌కి రేడియో చూపు సుమారు 26 కిలోమీటర్లు. అంతే ఎత్తున్న రెండు టవర్లు 52 కిలోమీటర్లు దాటితే భూమి వంపు అడ్డం వచ్చి ఒకదానికొకటి వినబడకూడదు. కానీ నేల మీద కాగిన వేడి, పొడి గాలి సముద్రం మీది చల్లని తేమ గాలిపైన పరుచుకున్నప్పుడు, లేదా గాలి ఆడని నిర్మలమైన రాత్రి నేల చల్లబడి పైన వెచ్చని పొర నిలిచినప్పుడు, ఎత్తు పెరిగేకొద్దీ తేమ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు రేడియో తరంగం పైకి జారిపోకుండా భూమి వంపు వెంటే వంగుతూ ఆ పొర కిందే పోతుంది. దీన్ని డక్టింగ్ అంటారు. ఎండ ఎక్కి గాలి కలిసిపోగానే ఆ దారి మూసుకుపోతుంది.

ఇది 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని ప్రత్యేకంగా దెబ్బతీస్తుంది. 850, 900, 1800 బ్యాండ్లలో టవర్ పంపే ఫ్రీక్వెన్సీ వేరు, వినే ఫ్రీక్వెన్సీ వేరు. దూరపు టవర్ పంపేది మన టవర్ చెవిలో పడదు. 2300లో టవర్ ఒకే ఫ్రీక్వెన్సీలో కాసేపు పంపుతుంది, కాసేపు వింటుంది. దేశంలోని టవర్లన్నీ ఒకేసారి పంపి ఒకేసారి వినేలా గడియారాలు కలిపి ఉంటాయి. పంపడానికీ వినడానికీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. బాగా వాడే ఒక అమరికలో ఆ ఖాళీ 143 మైక్రోసెకన్లు. అంతసేపట్లో తరంగం పోయేది 43 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో అది చాలు. అల్లూరు తీరం నుంచి మచిలీపట్నం తీరానికి సముద్రం మీదుగా గీత గీస్తే దాదాపు 200 కిలోమీటర్లు. అక్కడి నుంచి బయల్దేరిన సిగ్నల్ ఇక్కడికి చేరడానికి సుమారు 670 మైక్రోసెకన్లు పడుతుంది. ఖాళీ ఎప్పుడో అయిపోయి, మీ టవర్ మీ కెమెరా మాట వినడానికి కూర్చున్న సమయంలో వచ్చి పడుతుంది. పంపింది 40 వాట్ల టవర్. మీ కెమెరా సిమ్ గరిష్ఠంగా పంపగలిగింది 0.2 వాట్లు. ఒక టవర్ కాదు, ఆ తీరంలో ఉన్నవన్నీ కలిసి వస్తాయి. టవర్ నుంచి మీకు వచ్చే సిగ్నల్ మాత్రం బాగానే ఉంటుంది, గీతలు నిండుగానే కనబడతాయి. మీ నుంచి పోయేదే ఆగిపోతుంది. కెమెరా చేసే పనే వీడియో పంపడం కాబట్టి ముందు పడిపోయేది అదే.

మా వైపు దీని ఆనవాలు స్పష్టంగా ఉంటుంది. టవర్ వినే సమయంలో మొదటి ముక్కలో మోత బాగా ఎక్కువగా మొదలై, తర్వాతి ముక్కల్లో మెట్లు దిగినట్టు తగ్గుతూ పోతుంది. దగ్గరి టవర్ల సిగ్నళ్లు ముందొచ్చి అయిపోతుంటే దూరపువి మాత్రమే చివరిదాకా మిగలడం వల్ల అలా వస్తుంది. లోపల ఎక్కడో కరెంటు మోటారు, దొంగ బూస్టర్ వల్ల వచ్చే మోతకు ఈ వాలు ఉండదు. వైద్యం కూడా ఉంది. ఆ ఖాళీని పెంచే ఇంకో అమరికలో అది 193 కిలోమీటర్ల దాకా కాపాడుతుంది, కానీ పంపే సమయం తగ్గి స్పీడు పోతుంది. సముద్రం వైపు చూసే సెక్టార్ల వంపు పెంచడం చవకైన మార్గం. చైనా తీరంలో ఇదే బాధ పడ్డాక, ఏ టవర్ ఏ టవర్‌ను బాధిస్తోందో వాటంతట అవే కనిపెట్టుకునే సిగ్నల్‌ను 5జీ ప్రమాణాల 16వ విడుదలలో చేర్చారు.

మీరు మీ వైపు నుంచి చేయగలిగింది సులువు. కెమెరాను బ్యాండ్ ఎంచుకోగలిగే 4జీ రౌటర్‌కి తగిలించి, 850, 900 లేదా 1800కి కట్టేయండి. స్పీడు కాస్త తగ్గినా తెల్లవారుజామున నిలబడుతుంది. ఏరేటర్ల మోటారుకి మిస్డ్ కాల్‌తో నడిచే స్టార్టర్ పెట్టుకుని ఉంటే అది ఎక్కువగా 2జీ మీద నడుస్తుంది, ఈ డక్టింగ్ దాన్ని ఇలా ముట్టుకోదు. అది కూడా తెల్లారుజామునే ఆగుతుంటే కారణం వేరే ఉంది, ముందు టవర్‌కి కరెంటు, బ్యాటరీ సంగతి అడగండి. చెరువులో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అన్నిటికంటే ఎక్కువగా పడిపోయే వేళ కూడా సరిగ్గా అదే. కాబట్టి ఈ సమస్య తీరేవరకు ఆ గంటల్లో గట్టు మీద మనిషి ఉండేలా చూడమని నాన్నగారికి గట్టిగా చెప్పండి.

సముద్రపు గాలి ఇంకో పని కూడా చేస్తుంది. ఇస్కపల్లి, మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల టవర్ మీద కేబుల్ కనెక్టర్ విప్పితే దాని మర గాట్లలో తెల్లటి పొడి, పచ్చటి చిలుము కనబడుతుంది. రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు ఆ చిలుము పట్టిన జాయింట్‌లోంచి పోతే కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. 1805, 1880 మెగాహెర్ట్జ్‌లు ఒకే జాయింట్‌లో పోతున్నాయనుకోండి. మొదటిదాన్ని రెట్టించి రెండోది తీసేస్తే 1730. అది సరిగ్గా ఫోన్లు పంపే, టవర్ వినే ప్రాంతం. టవర్ తన చెవిలో తానే అరుచుకుంటుందన్నమాట. ఈ మోత లోడు పెరిగేకొద్దీ పెరుగుతుంది, గాలి గట్టిగా వీచి కేబుల్ ఊగితే ఎగిరి పడుతుంది. ఏ ఛానల్ మార్చినా పోదు. కనెక్టర్ మార్చి, టార్క్ రెంచితో సరైన బిగువు ఇచ్చి, వాటర్‌ప్రూఫ్ టేపు సరిగ్గా చుడితేనే పోతుంది. తీరపు సైట్లకు ఈ తనిఖీ వానాకాలానికి ముందూ తర్వాతా జరిగి తీరాలని నేను ప్రతి మీటింగులో అడుగుతాను.

బూస్టర్ మాట. దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో అమ్మే పెట్టె ఎంచుకుని పెంచదు. బ్యాండ్‌లో ఉన్నదంతా, అన్ని కంపెనీలదీ, మోతతో సహా పెంచి టవర్ వైపు పంపుతుంది. బయటి యాంటెన్నా, లోపలి యాంటెన్నా మధ్య సరిపడా గోడ అడ్డం లేకపోతే తన మాటే తను విని కీచుమంటుంది. 4జీ టవర్‌లో ఒక్కో బ్లాకు దగ్గర ఉష్ణ శబ్దం, అంటే వేడి వల్ల ఎప్పుడూ ఉండే మోత, మైనస్ 121 డీబీఎం. పరికరం సొంత శబ్దం కలిపినా మైనస్ 118 దాపుల్లో ఉండాలి. ఒక్క బూస్టర్ పక్కన ఉంటే అది మైనస్ 100కి లేవవచ్చు. 18 డీబీ అంటే అరవై రెట్లకు పైగా. ఆ సెక్టార్‌లో ఉన్న ప్రతి ఫోనూ అరవై రెట్లు గట్టిగా అరవాలి. అంచున ఉన్నవాళ్లకు అంత శక్తి లేదు, వాళ్ల కాల్ పడిపోతుంది. నెల్లూరులో ఒక రద్దీ వీధిలో ఒక వైపే వినే యాగీ యాంటెన్నా చేత్తో పట్టుకుని, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత మోత ఉందో చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో గీత లేచే వైపు నడుస్తూ, మేడ మీది నీళ్ల ట్యాంకు వెనకాల కట్టిన బూస్టర్ దగ్గరికి చేరాం. స్విచ్ ఆపగానే ఎనలైజర్‌లో గీత కిందికి కూలింది. ఆ ఇంటాయనకు తను ఏం చేస్తున్నాడో తెలియదు, పాపం. తన ఫోన్ బాగా వస్తోందని మాత్రమే తెలుసు. అనుమతి లేకుండా వీటిని పెట్టడం చట్టవిరుద్ధం. టెలికం శాఖ వైర్‌లెస్ మానిటరింగ్ విభాగం వచ్చి తీసేస్తుంది.

కొత్త టవర్ వేస్తే సరిపోతుందా అంటే, మధ్యలో నిజంగా ఖాళీ ఉంటే సరిపోతుంది. సిగ్నల్ బలం బాగుండి స్పష్టత లేని మీ ఊరి లాంటి చోట పాత టవర్ల వంపు సరిచేయకుండా కొత్తది నిలబెడితే మోత ఇంకొకటి కలుస్తుంది. రేడియేషన్ భయంతో ఊళ్లో టవర్ వద్దని గొడవ చేసేవాళ్లకు ఒక మాట చెప్పాలి. మన దేశంలో టవర్ల రేడియేషన్ పరిమితిని 2012లో అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించారు. టవర్ దూరంగా ఉంటే చెవి దగ్గరి ఫోనే ఎక్కువ పవర్‌తో పంపాలి. మీ చుట్టూ ఏయే టవర్లున్నాయో ప్రభుత్వ తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

ఫిర్యాదు 198కి చేయండి, డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్, తీసుకోండి. "నెట్ రావట్లేదు" అంటే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయమని చెప్పి ముగిస్తారు. అంకెలతో రాస్తే అది రేడియో టీమ్ దాకా వస్తుంది. రాత్రి సమస్యకు ఎనిమిదింటికీ, మధ్యాహ్నం రెండింటికీ తీసిన స్క్రీన్‌షాట్లు పెట్టండి. సెల్ ఐడీ, బ్యాండ్, పీసీఐ, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ కనబడాలి. పక్క సెల్స్ జాబితా కూడా కనబడితే ఇంకా మంచిది. తెల్లవారుజాము సమస్యకు ఎస్‌ఐఎన్‌ఆర్ ఒక్కటీ చాలదు. అది మీకు వచ్చే వైపు స్పష్టత మాత్రమే, అది బాగానే చూపిస్తుంది. కెమెరా ఆగిన రోజున చెరువు గట్టు మీదే స్పీడ్ టెస్ట్ చేయండి. డౌన్‌లోడ్ వచ్చి, అప్‌లోడ్ దాదాపు సున్నా దగ్గర నిలిచిన చిత్రం ఒకటి తీసుకోండి. అదే సెల్ మీద ఉదయం తొమ్మిదింటికి అప్‌లోడ్ మామూలుగా వచ్చిన చిత్రం ఇంకొకటి జతచేసి, తేదీలన్నీ రాయండి. ఆ తేదీల్లో సముద్రం వైపు సెక్టార్లలో మోత వాలు ఉందేమో రికార్డులో చూడటానికి అది చాలు.